పొక్లెయిన్ మానిటర్‌లో కమ్యూనికేషన్ ఎర్రర్: కంట్రోలర్ మార్చాల్సిందేనా?

పరకాల బకెట్

అన్నలూ, నమస్తే. ఎవరికైనా అనుభవం ఉంటే కొంచెం దారి చూపండి, నాలుగు రోజుల నుంచి బుర్ర పని చేయట్లేదు. నాది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 20 టన్నుల పొక్లెయిన్, మీటరు 9 వేల గంటలు దాటింది. రేగొండ దగ్గర చెరువులో పూడిక మట్టి పని నడుస్తోంది, 8 టిప్పర్లు మాట్లాడి పెట్టుకున్నాను. పొద్దున 6కి మొదలుపెడితే 11 దాకా బండి బంగారం. ఎండ ముదిరాక మొదలవుతుంది కథ. బకెట్ నింపి టిప్పర్ వైపు తిప్పుతుంటే బజర్ మోగుతుంది, మానిటర్‌లో ఎర్ర గుర్తుతో కమ్యూనికేషన్ ఎర్రర్ అని వస్తుంది, ఇంజిన్ దానంతటదే స్లోలోకి పడిపోతుంది. ఆగిపోదు. కానీ యాక్సిలరేటర్ డయల్ ఎంత తిప్పినా రేజ్ కాదు, బూమ్ లేస్తుంది గానీ మోకాళ్ల నొప్పులున్న ముసలాయన మేడ మెట్లెక్కినట్టు లేస్తుంది. తాళం ఆఫ్ చేసి ఓ 10 నిమిషాలు ఊరుకుని మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఒకసారి 20 నిమిషాలకే, ఒకసారి సాయంత్రం దాకా రాదు.

మొదట వచ్చిన మెకానిక్ బ్యాటరీలు వీక్ అన్నాడు. రెండూ కొత్తవి వేశాను, అదే రోజు మధ్యాహ్నం మళ్లీ ఎర్రర్. రెండో ఆయన ల్యాప్‌టాప్ పెట్టి చూసి, కోడ్ 639, ఎఫ్ఎంఐ 9 అని కాగితం మీద రాసిచ్చి, పంప్ కంట్రోలర్ (హైడ్రాలిక్ పంపును చూసుకునే కంప్యూటర్ డబ్బా) పోయింది అన్నాడు. కొత్తది 2 లక్షల పైమాటే, పాతది దొరికితే 80 వేలు, పాతదానికి గ్యారంటీ లేదు. జూన్‌లో వాన పడిందంటే చెరువులో దిగలేం, ఇటు కిస్తీ ఆగదు. 2 లక్షలు పెట్టాక కూడా అదే ఎర్రర్ వస్తే ఎవరి గడ్డం పట్టుకోవాలి అని టెన్షన్. డబ్బు పెట్టే ముందు నేనే చూసుకోగలిగింది ఏమైనా ఉందా? మీటర్ పట్టడం వచ్చు, ఇంటి దగ్గర మోటార్ స్టార్టర్లు నేనే చేసుకుంటాను.

టిప్పర్ భయ్యా

బ్యాటరీ కొత్తది వేయడం కాదు భయ్యా, ఎర్త్ పట్టీ విప్పి చూశారా? ఛాసిస్‌కు బిగించే చోట పెయింటు, తుప్పు గీకి మళ్లీ బిగించండి. సగం ఎలక్ట్రికల్ రోగాలకు అదే మందు. ఇంకోటి, తిప్పేటప్పుడు వస్తోంది అంటున్నారు కాబట్టి కింద సెంటర్ జాయింట్‌లో (తిరిగే పైభాగం, చైన్ల భాగం కలిసే చోట) వైరు నలిగి ఉంటుంది, అక్కడ చూడండి.

గోదావరిఖని నైట్‌షిఫ్ట్

తమ్మీ, కంట్రోలర్‌కు అడ్వాన్స్ ఇవ్వకు. ఇచ్చి ఉంటే ఆపు.

నేను ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో ఓబీ (బొగ్గు పైనున్న మట్టి తీసే) కాంట్రాక్టు మెషీన్ల మీద పని చేస్తాను, ఈ 639 నెలకు రెండు మూడు సార్లు పలకరిస్తుంది. ముందు భయ్యా చెప్పినదాంట్లో ఎర్త్ పట్టీ మాట నిజం, చెయ్యి, ఖర్చు లేదు. సెంటర్ జాయింట్ మాట మాత్రం కాదు. చైన్ పొక్లెయిన్‌లో ఇంజిన్, పంపు, క్యాబిన్, కంట్రోలర్లు అన్నీ పైనే తిరుగుతాయి, కిందికి పోయేది ట్రావెల్ మోటార్లకు ఆయిల్. కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైరుకు అక్కడ పని లేదు. స్వింగ్ కొట్టినప్పుడు వస్తోందంటే ఆ కుదుపుకు పైన ఎక్కడో వైరు కదులుతోందని అర్థం.

ఇక 639 అంటే ఏమిటో చూడు. అది ఏ పార్టు నంబరూ కాదు. కంట్రోలర్లన్నీ మాట్లాడుకునే లైను పేరు అది. ఎఫ్ఎంఐ 9 అంటే రావాల్సిన మెసేజి టైముకు రాలేదని. అంతే. నువ్వు ఎవరికో ఫోన్ చేస్తే, మీరు డయల్ చేసిన నంబరు అందుబాటులో లేదు అంటుంది చూడు, అలాంటిది. అవతలివాడి ఫోన్ పగిలిందా, టవర్ లేదా, స్విచ్చాఫ్ చేసుకున్నాడా, అది చెప్పదు. ఆ ఒక్క మాట విని ఫోన్ కొత్తది కొనమంటున్నాడు మీ ల్యాప్‌టాప్ ఆయన.

నువ్వు చెప్పినదాంట్లోనే ఒక సంగతి తేలింది. ఇంజిన్ ఆగలేదు. అంటే ఇంజిన్ ఈసీఎంకు (ఇంజిన్‌ను నడిపే కంట్రోలర్‌కు) కరెంటు అందుతోంది, బతికే ఉంది. నువ్వు తిప్పే డయల్ నేరుగా ఇంజిన్‌కు పోదు, పంప్ కంట్రోలర్‌కు పోతుంది, ఇన్ని ఆర్‌పీఎం కావాలి అని అది క్యాన్ లైను మీద ఇంజిన్‌ను అడుగుతుంది. ఆ మాట వినపడకపోతే ఇంజిన్ ఎందుకొచ్చిన గొడవ అని స్లోకి దిగి కూర్చుంటుంది. కాబట్టి మాట పోవట్లేదు, అంతవరకు ఖాయం. అడిగేవాడికి నోరు పోయిందా, మధ్యలో దారి తెగిందా, అదే తేలాలి.

అందుకే మూడు సంగతులు చెప్పు. ఎర్రర్ వచ్చినప్పుడు మానిటర్‌లో ఇంజిన్ టెంపరేచర్ కనబడుతుందా, గీతలు వస్తాయా? అదే టైములో సర్వీస్ మెనూలో పంపు ప్రెజర్ అంకెలు కదులుతున్నాయా? ఈమధ్య బకెట్ పళ్లకో బూమ్‌కో వెల్డింగ్ చేయించావా, చేస్తే బ్యాటరీ విప్పి చేశారా?

ఈలోపు మీటర్ పని. తాళం ఆఫ్ చేసి, బ్యాటరీ స్విచ్ కూడా ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగు, కంట్రోలర్లు పడుకోవాలి. ల్యాప్‌టాప్ పెట్టే గుండ్రటి ప్లగ్ ఉంటుంది క్యాబిన్‌లో, 9 పిన్నులది అయితే సీ, డీ పిన్నుల మధ్య ఓంలు కొలువు. క్యాన్ లైనుకు రెండు వైర్లు, సీ అంటే క్యాన్-హై, డీ అంటే క్యాన్-లో. మీ బండిలో వేరే ప్లగ్ ఉంటే డయాగ్రమ్ చూసుకో, వైరు రంగు చూసి నమ్మకు, చాలావాటిలో హై పసుపు, లో ఆకుపచ్చ ఉంటుంది కానీ అన్నింటిలో అలా ఉండదు. 60 ఓంల దగ్గర రావాలి. లైనుకు రెండు చివర్లా 120 చొప్పున రెసిస్టర్లు ఉంటాయి, రెండూ పక్కపక్కన కలిస్తే 60. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నాకు దగ్గర వస్తే హై, లో రెండూ ఎక్కడో కలిసిపోయాయి. తర్వాత తాళం ఆన్ చేసి ఒక్కో దానికి ఎర్త్‌తో ఓల్టేజి చూడు. హై 2.6, 2.7 అలా, లో 2.3, 2.4 అలా ఉండాలి. రెండూ కలిపితే 5కు దగ్గర పడతాయి. ఏదైనా ఒకటి సున్నాకో 24కో అతుక్కుని ఉంటే షార్ట్. బండి బాగున్నప్పుడు ఒకసారి కొలిచి రాసి పెట్టుకో, అసలు కొలవాల్సింది రోగం వచ్చినప్పుడు.

షార్ట్‌కట్ సేటు

ఇంత ఎందుకు బ్రదర్. 120 ఓం రెసిస్టర్ 5 రూపాయలు, ఆ ప్లగ్‌లోనే హై లో మధ్య గుచ్చేయండి. మా బావ లోడర్‌కు అలాగే చేశాం, సంవత్సరం నడిచింది.

హన్మకొండ డిప్లొమా

దయచేసి అలా చేయకండి. మీ బావగారి లోడర్‌లో ఒక చివరి రెసిస్టర్ నిజంగానే పోయి ఉంటుంది, మీరు పెట్టింది దాని చోటు భర్తీ చేసింది, అదృష్టం. ఇక్కడ రెండూ బాగుంటే మూడోది కలిపినప్పుడు 40 ఓంలు అవుతుంది, లైను మీద సిగ్నల్ ఎత్తు తగ్గుతుంది, ఉన్న రోగానికి కొత్తది తోడవుతుంది. రేపు వచ్చే మెకానిక్‌కు కూడా కొలతలన్నీ తప్పుగా కనిపిస్తాయి, ఆయన ఇంకో రెండు రోజులు తిరుగుతాడు.

రెసిస్టర్ చివర్లోనే ఎందుకు అని నేను పాఠం చెప్పేటప్పుడు పిల్లలు అడుగుతారు. చెరువులో రాయి వేస్తే అల వెళ్లి నిటారు గోడకు తగిలి వెనక్కి వస్తుంది, ఏటవాలు గట్టుకు తగిలితే అక్కడే చచ్చిపోతుంది. వైరు చివర రెసిస్టర్ ఆ ఏటవాలు గట్టు. అది లేకపోతే పాత మాట ప్రతిధ్వని కొత్త మాట మీద పడుతుంది. ఈ మెషీన్లలో వాడే జె1939 పద్ధతిలో సాధారణంగా సెకనుకు 2 లక్షల 50 వేల బిట్లు పోతాయి, ఒక్కో బిట్ 4 మైక్రో సెకన్లు. దానికి పాత ప్రమాణంలో మెయిన్ లైను 40 మీటర్లు, పక్కకు తీసిన కొమ్మ 1 మీటరు దాటకూడదని ఉంది. క్యాన్ మొదట కార్ల కోసం పుట్టింది, బాష్ కంపెనీ 1986లో డెట్రాయిట్‌లో బయటపెట్టింది. వైర్లను రెండు పేటల తాడులా మెలిపెట్టేది కూడా ఊరికే కాదు, ఆల్టర్నేటర్ నుంచో సోలినాయిడ్ నుంచో వచ్చే నాయిస్ రెండింటి మీదా సమానంగా పడుతుంది, కంట్రోలర్ చూసేది రెండింటి తేడానే కాబట్టి అది కొట్టుకుపోతుంది. రిపేరు చేసేవాళ్లు ఆ మెలిక విప్పేసి టేపు చుట్టి వదిలేస్తారు, అదే బాధ.

పరకాల బకెట్

గోదావరిఖని అన్నా, మీరు అడిగినవి. ఎర్రర్ టైములో ఇంజిన్ టెంపరేచర్ దగ్గర గీతలు వస్తున్నాయి, పంపు ప్రెజర్ అంకెలు మాత్రం కదులుతున్నాయి, ఫోన్‌లో వీడియో తీశాను. వెల్డింగ్ మొన్న సంక్రాంతి తర్వాత బకెట్ పళ్లకు చేయించాను, బ్యాటరీ విప్పలేదు, అప్పుడు తెలియదు.

కొలతలు: ఈరోజు మధ్యాహ్నం 1:30కి, ఎర్రర్ లేనప్పుడు, 60.4 ఓంలు. తాళం ఆన్‌లో హై 2.67, లో 2.34. అంటే అంతా బాగున్నట్టే కదా? అదే అర్థం కావట్లేదు.

ఇంకొకటి దొరికింది. సీటు వెనక ప్లాస్టిక్ ప్యానెల్ విప్పితే ఫైనాన్స్ వాళ్లు పెట్టిన జీపీఎస్ డబ్బా ఉంది, దాని నుంచి రెండు వైర్లు వచ్చి ఆ పసుపు, ఆకుపచ్చ వైర్లకు నీలం రంగు క్లిప్పులతో కరిచి ఉన్నాయి. ఆ వైర్లు చుట్ట చుట్టి పెట్టారు, విప్పితే 3 మీటర్లు ఉంటాయి.

ఆటోనగర్ వైరింగ్

దొరికాడు దొంగ! ఆ నీలం క్లిప్పు లోపల బ్లేడు ఉంటుంది తమ్ముడూ, అది ఇన్సులేషన్‌తో పాటు నాలుగు రాగి పోగులు కూడా కోసేస్తుంది. వరంగల్‌లో నా దగ్గరికొచ్చే బళ్లలో ఈ జీపీఎస్ క్లిప్పుల కేసులు కుప్పలు. పైగా 3 మీటర్ల కొమ్మ, సారు చెప్పినట్టు 1 మీటరు దాటకూడదు. ఫైనాన్స్ వాళ్లకు ఫోన్ చేసి చెప్పి (చెప్పకుండా పీకితే వాళ్లు బండి ఎత్తుకుపోతున్నారనుకుంటారు), ఆ రెండు తీసేసి, కరిచిన చోట వైరు కోసి కొత్తగా జాయింటు వెయ్యి. రాసిపెట్టుకో, పోతుంది.

గోదావరిఖని నైట్‌షిఫ్ట్

జీపీఎస్ తీసెయ్, ఎలాగైనా తీయాల్సిందే. కానీ నాకు నమ్మకం లేదు. టెంపరేచర్ పోయింది, పంపు ప్రెజర్ ఉంది అన్నావు. అంటే మానిటర్, పంప్ కంట్రోలర్ ఒకరి మాట ఒకరు వింటున్నారు. అలాంటప్పుడు పంప్ కంట్రోలర్ ఎలా పోతుంది? ఆ వీడియో ల్యాప్‌టాప్ ఆయనకు కూడా పంపు. ఇంజిన్ ఒక్కటే ఇద్దరికీ వినపడట్లేదు, ఇద్దరి మాటా ఇంజిన్‌కు వినపడట్లేదు. నా లెక్క ప్రకారం క్యాబిన్ వెనక నుంచి ఇంజిన్‌కు పోయే దారిలో తెగింది.

60.4 చూసి మోసపోకు. రోగం లేనప్పుడు కొలిచావు, రోగం లేదని చెప్పింది మీటర్, పాపం దాని తప్పేముంది. ఈసారి ఎర్రర్ వచ్చిందా, బకెట్ మెల్లగా నేల మీద దించి తాళం ఆఫ్ చెయ్యి, బండి తిప్పకు, బానెట్ తెరవకు, డోరు కూడా గట్టిగా వెయ్యకు. నిమిషంలో ఓంలు కొలువు.

పరకాల బకెట్

జీపీఎస్ క్లిప్పులు నిన్న తీశాను. క్లిప్పు కింద మూడు పోగులు తెగి ఉన్నాయి, ఆటోనగర్ అన్న చెప్పినట్టే. అక్కడ కోసి కొత్త జాయింటు వేశాను. నిన్నంతా ఒక్క ఎర్రర్ రాలేదు, ఇంట్లో అందరికీ పోయిందని చెప్పాను, రాత్రి హాయిగా పడుకున్నాను కూడా. ఈరోజు 12:10కి మళ్లీ వచ్చింది. టిప్పర్లన్నీ లైన్లో ఉన్నాయి, డ్రైవర్లు చెట్టు కింద పడుకుని నన్నే చూస్తున్నారు.

అన్న చెప్పినట్టే ఏమీ కదపకుండా కొలిచాను. 119.8 ఓంలు!! అలాగే మీటర్ పెట్టి ఉంచాను, 7 నిమిషాల తర్వాత చూస్తుండగానే దానంతటదే 60కి వచ్చేసింది.

గోదావరిఖని నైట్‌షిఫ్ట్

అయిపోయింది తమ్మీ, దొరికినట్టే. 120 అంటే ఇంజిన్ వైపు రెసిస్టర్ కనబడట్లేదు. సాయంత్రం పని అయ్యాక, బండి వేడిగా ఉన్నప్పుడే, మీటర్ ఆ ప్లగ్‌లో అలాగే పెట్టి ఒకరిని క్యాబిన్‌లో కూర్చోబెట్టు. నువ్వు క్యాబిన్ వెనక పెద్ద కనెక్టర్ నుంచి మొదలుపెట్టి ఇంజిన్ ఈసీఎం దాకా వైరింగ్ జానెడు జానెడు పట్టుకుని వంచుతూ పో. ప్రతి క్లాంపు దగ్గర ఆగు. అంకె ఎగిరిన చోట అరవమను. కనెక్టర్లు విప్పితే లోపల పిన్నుల మీద పచ్చటి పొడి, నల్ల మరక ఉన్నాయా చూడు, కాంటాక్ట్ క్లీనర్ కొట్టు, పెట్రోలు పోయకు, రబ్బరు సీళ్లు ఉబ్బుతాయి. బురద పోవడానికి జెట్ వాటర్ కొట్టిస్తావు కదా, పంపు రూంలో కనెక్టర్ల మీద నేరుగా కొట్టించకు.

అనుమానం ఉన్న వైరు దొరికితే ఓంలు చూసి బాగుందనుకోకు. 20 పోగుల్లో ఒక్క పోగు మిగిలినా మీటర్ కొన ఆనించగానే బీప్ అంటుంది. ఆ వైరుకు రెండు చివర్లా కనెక్టర్లు విప్పి (రెండూ, తప్పనిసరి, లేకపోతే కంట్రోలర్లు నిజంగానే కాలుతాయి), ఒక చివర బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి 24 ఓల్టులు, ఇంకో చివర 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టు. బల్బు నిండుగా వెలిగితే వైరు మంచిది. మిణుకుమంటే అక్కడే ఉంది.

ఆటోనగర్ వైరింగ్

నేను దొంగ అన్నవాడు జేబుదొంగ మాత్రమే అని తేలింది, ఒప్పుకుంటున్నాను 😀 అసలు దొంగ ఎక్కడున్నాడో చెప్పు తమ్ముడూ.

పరకాల బకెట్

అన్నలూ, దొరికింది. కొంచెం పెద్దగా రాస్తాను, ఏమనుకోకండి.

నిన్న సాయంత్రం 6 తర్వాత మా హెల్పర్‌ను క్యాబిన్‌లో కూర్చోబెట్టాను. క్యాబిన్ వెనక కనెక్టర్ విప్పాం, శుభ్రంగా ఉంది. అక్కడి నుంచి వైరింగ్ కట్ట పంపు రూం గోడ మీదుగా పోతుంది, మొదటి క్లాంపు ఏమీ లేదు, రెండోది ఏమీ లేదు. మూడో క్లాంపు పంపుకు సరిగ్గా పైన, అక్కడ ఆయిల్ తడికి టేపు జిగురుగా అయిపోయింది. దాన్ని పట్టుకుని ఇలా వంచానో లేదో, వాడు లోపల నుంచి 120, 120, 60, 120 అని ఒకటే కేకలు.

టేపు విప్పితే పైకి వైర్లు రెండూ బాగున్నాయి, ఎక్కడా కోత లేదు, రాపిడి లేదు. వేలితో తడుముతూ పోతే ఆకుపచ్చ వైరు ఒక చోట మెత్తగా తగిలింది, లోపల ఎముక లేనట్టు. ఫోన్ లైటు వేసి చూస్తే అక్కడ సూది మొన అంత చిన్న బొక్క. బ్లేడుతో చీల్చాను. రాగి లేదన్నా లోపల. పచ్చ పొడి. ఊదితే లేచిపోయింది, అడుగున రెండు పోగులు మాత్రం మిగిలాయి, అవి కూడా నల్లగా. అటూ ఇటూ ఒక వేలెడు దాకా నలుపు పాకింది.

ఆ బొక్క ఎవరు చేశారో చూడగానే గుర్తొచ్చింది. పోయిన దసరా ముందు స్టార్టింగ్ ట్రబుల్ అని ఒక మెకానిక్‌ను పిలిచాను, ఆయన దగ్గర సూది ఉన్న టెస్ట్ లైటు ఉండేది, కనబడిన ప్రతి వైరుకూ ఇంజెక్షన్ ఇచ్చినట్టు గుచ్చుకుంటూ పోయాడు. నేను పక్కన నిలబడి, అబ్బ ఏం పనితనం అనుకున్నాను. ఆ బొక్కలోంచి నేను కొట్టించిన జెట్ వాటర్ దూరి దూరి ఇన్నాళ్లకు తినేసింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆ రెండు పోగులూ అంటుకుని ఉంటున్నాయి, మధ్యాహ్నం పంపు రూం కాలిపోతుంటే వైరు సాగి, దానికి స్వింగ్ కుదుపు తోడై విడిపోతున్నాయి.

మెరిసే రాగి వచ్చేదాకా రెండు వైపులా కోసి, అదే మందం వైరు ముక్క క్రింపు చేసి (లోహపు గొట్టంలో నొక్కి బిగించి) వేశాను. పైన లోపల జిగురుండే స్లీవ్ వేడి చేసి బిగించాను, పసుపు వైరుతో మళ్లీ మెలిపెట్టి కట్టాను. బల్బు టెస్ట్ కూడా చేశాను, ధగధగా వెలిగింది. మిగతా వైర్లు తడిమితే ఇంకో నాలుగు సూది బొక్కలు దొరికాయి, వాటిలో రాగి ఇంకా బాగానే ఉంది, ప్రస్తుతానికి సీల్ చేశాను, వానాకాలం పని లేనప్పుడు ఆ ముక్కలన్నీ మారుస్తాను.

హన్మకొండ డిప్లొమా

చక్కగా చేశారు. వైరుకు సూది గుచ్చకుండా కనెక్టర్ వెనక వైపు నుంచి, సీలు పక్కగా సన్నటి ప్రోబ్ జారవిడిచి కొలవడం అలవాటు చేసుకోండి. ఎప్పుడైనా తప్పక గుచ్చాల్సి వస్తే వెంటనే సీల్ చేయాలి. మా ల్యాబ్‌లో పిల్లలకు చూపించడానికి ఆ పచ్చ వైరు ముక్క ఉంటే పారేయకండి, హన్మకొండ వచ్చినప్పుడు ఇవ్వగలరా?

కమలాపూర్ తమ్ముడు

అన్నా మధ్యలో వస్తున్నా, నా జేసీబీలో కూడా ఇలాగే ఎర్రర్ వస్తుంది కానీ స్టార్ట్ చేసేటప్పుడు ఒక్కసారే, తర్వాత రోజంతా రాదు. నాది కూడా వైరేనా?

గోదావరిఖని నైట్‌షిఫ్ట్

కమలాపూర్, నీది వేరే. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ ఓల్టేజి ఎంతకు పడుతోందో ముందు చూడు, బాగా పడితే కంట్రోలర్ ఒక్క క్షణం కళ్లు మూసి తెరుస్తుంది, ఆ గ్యాప్‌లో మిగతావాళ్లు కంప్లైంట్ రాస్తారు. వేరే పోస్టు పెట్టు, ఇక్కడ కలిపితే తర్వాత చదివేవాళ్లకు తికమక.

పరకాల, క్రింపు జాయింటు కుదుపు పడే చోట క్లాంపుకు మరీ దగ్గర లేదు కదా? ఒక జానెడు దూరం ఉండేలా చూడు. ఇంకోసారి వెల్డింగ్ చేయిస్తే బ్యాటరీ విప్పడమే కాదు, కంట్రోలర్ ప్లగ్గులు కూడా తీయించు, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పు అతికించే చోటికి పక్కనే పెట్టించు.

పరకాల బకెట్

జాయింటు క్లాంపుకు దూరంగానే ఉందన్నా. సార్, వైరు ముక్క అగ్గిపెట్టెలో దాచాను, తెస్తాను.

ఈరోజుకు మూడో రోజు, ఎండ 43 చూపిస్తోంది ఫోన్‌లో, బజర్ ఒక్కసారి కూడా మోగలేదు. మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ఆయన ఫోన్ చేశాడు, పాత కంట్రోలర్ ఒకటి దొరికింది, 75 వేలకు ఇప్పిస్తా, పంపమంటావా అని. వద్దన్నా, సూది బొక్క పూడ్చాం అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, ఏం సూది అని రెండుసార్లు అడిగాడు. ఆ రెండు కొత్త బ్యాటరీల ఖర్చు మాత్రం నా ఖాతాలోనే పడింది.